జ్వరం లేకుండానే ప్లేట్‌లెట్లు పడిపోతే...

వానాకాలం వస్తే విశాఖలోని గోపాలపట్నంలో ఏ ల్యాబ్ ముందు నిలబడినా ప్లేట్‌లెట్ల ముచ్చటే. మైక్రోలీటరు రక్తంలో అవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలని డెంగీ అందరికీ నేర్పింది. డెంగీలో తగ్గినవి కోలుకునే దశలో వాటంతటవే పెరుగుతాయి. జ్వరం ఊసే లేకుండా కౌంటు లక్షకు దిగువన ఉండి, కాళ్లపై ఎర్రటి చుక్కలు, ఒంటిపై కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వైద్యులు ఆలోచించే జబ్బుల్లో ఒకటి ఐటీపీ, అంటే ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా.

ఇందులో ప్లేట్‌లెట్లపై దాడి చేసేది మన రోగనిరోధక వ్యవస్థే. అమెరికా వైద్యుడు విలియం హారింగ్టన్ ఐటీపీ రోగి రక్తాన్ని తానే ఎక్కించుకుని చూశాడు. కొన్ని గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి. ఆ ఫలితాలు 1951లో అచ్చయ్యాయి. రోగి రక్తంలో ఉండి ప్లేట్‌లెట్లను పడగొట్టిన ఆ కారకం యాంటీబాడీ అని తర్వాత తేలింది. అది అంటుకున్న ప్లేట్‌లెట్లను ప్లీహంలోని మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి.

యాంటీబాడీలను తయారుచేసేది బి కణాల వర్గమే అయినా, వాటిని ఉసిగొల్పేవి సహాయక టి కణాలు. వీటికి పగ్గాలు వేయాల్సిన నియంత్రక టి కణాలు ఐటీపీ రోగుల్లో తక్కువగానో, బలహీనంగానో ఉంటున్నాయి. మరోపక్క సంహారక టి కణాలు కొందరిలో ప్లేట్‌లెట్లను నేరుగా చంపుతాయి. అందుకే యాంటీబాడీ పరీక్షలో ఏమీ దొరకనంత మాత్రాన ఐటీపీ కాదని చెప్పలేం.

పెద్దవారిలో తొలి మందు స్టెరాయిడే. రోజూ ప్రెడ్నిసొలోన్ ఇస్తారు, లేదా డెక్సామెథసోన్ 40 మిల్లీగ్రాముల చొప్పున 4 రోజులు ఇస్తారు. ఇవి మాక్రోఫేజ్‌ల ఆకలిని తగ్గిస్తాయి, టి కణాల ఉధృతిని అణుస్తాయి. డెక్సామెథసోన్ వాడాక నియంత్రక టి కణాలు పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించింది. చాలామందిలో కౌంటు త్వరగానే పెరుగుతుంది, కానీ మందు ఆపాక మళ్లీ తగ్గడమూ మామూలే. అలాగని ఏళ్ల తరబడి వాడితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అందుకే 2019 నాటి అమెరికా రక్తవైద్య సంఘం మార్గదర్శకాలు స్టెరాయిడ్ కోర్సును 6 వారాలకు మించనివ్వొద్దన్నాయి. అప్పటికీ లొంగకపోతే ఎల్‌ట్రాంబోపాగ్, రిటుక్సిమాబ్ వంటి మందులున్నాయి. పిల్లల్లో మాత్రం చాలావరకు ఏ మందూ లేకుండానే నెలల్లో సర్దుకుంటుంది.

కౌంటు పెరిగింది కదా అని స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేయకండి. దాన్ని వైద్యుడి సలహాతోనే తగ్గించుకుంటూ రావాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి వెళ్లొద్దు. బొప్పాయి ఆకు రసం ఈ దాడిని ఆపుతుందన్న ఆధారం లేదు. తీవ్రమైన తలనొప్పి వచ్చినా, రక్తస్రావం ఆగకపోయినా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లండి.