పార వేరు, గడ్డపార వేరు: ఏది ఎక్కడ వాడాలి?

పోయిన వీడియోలో తెలంగాణ రైతన్న ఒకాయన "గడ్డపారతో పొడిచి మునగ కొమ్మ నాటండి" అన్నారు కదా. అది చూసిన మా పట్టిసీమ కుర్రాడు ఒకడు గడ్డలు తవ్వే పార అనుకుని, పార పట్టుకుని ఆచ్ఛాదన అంతా గీకి పక్కన పడేశాడు. ఎండాకాలం, నేల బోడి అయిపోయింది. మాట తేడా అంతే, కానీ దెబ్బ తిన్నది నేల. అందుకే ఇది రాస్తున్నా.

మా గోదావరి వైపు పార అంటే వెడల్పు రేకు, కన్నంలో కర్ర కామ. వంగి మన వైపుకు లాక్కునే పనిముట్టు. మొన ఉన్న పొడుగాటి ఇనప కడ్డీని పలుగు అంటాం, గునపం అంటాం. దాన్నే చాలాచోట్ల గడ్డపార అంటారు. తమిళులు కడప్పారై అన్నా, కన్నడిగులు హారె అన్నా ఆ కడ్డీయే. పాలు అక్కడ హాలు అయినట్టే ఇదీనూ. అంటే పక్క భాషల్లో పొడిచేదానికి ఉన్న మాట, మన దగ్గర ఒంటరిగా వాడితే లాగేదానికి చెల్లుతోంది. హోసూరు వైపు తెలుగు వాళ్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నేనైతే "రేకుదా, కడ్డీయా?" అని ముందే అడుగుతా.

"పలుగూ పారా" అని జంటగా అంటే మట్టి పని మొత్తం వచ్చేస్తుంది. "నాలుగు పారల మట్టి వెయ్యి" అన్నప్పుడు పార కొలత. "నీళ్లు పారనియ్యి" అన్నప్పుడు మాత్రం అది క్రియ, పనిముట్టు కాదు. మా ఊళ్లో 24 పంపులు పెట్టి గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపోస్తున్నారు. అయినా చేలో మడవ తిప్పాలంటే చేతిలో పార ఉండాల్సిందే!

ఇక ప్రకృతి సేద్యంలో సంగతి. పార పని గట్లు చెక్కడం, బోదెలు తీయడం, ఘనజీవామృతం కుప్ప కలపడం. చెట్టు పాదుల్లో మాత్రం జాగ్రత్త, పైపైన ఉండే పీచు వేళ్లు తెగుతాయి. ఆచ్ఛాదన ఉన్నచోట కొమ్మ నాటాలంటే చేత్తో జానెడు మేర గడ్డి తప్పించి గునపం దింపండి, నాటాక గడ్డి మళ్లీ సర్దేయండి.

గునపంతోనూ ఒక చిక్కుంది. రేగడి నేల బాగా తడిగా ఉన్నప్పుడు పొడిస్తే గుంత గోడలు అలికినట్టు నున్నగా అయిపోతాయి. లేత వేరు వాటిని చీల్చుకుని పోలేక గుంతలోనే చుట్టూ తిరుగుతుంది. పిడికెడు మట్టి నలిపి చూడండి. బంకలా సాగితే ఆగండి, పొడిపొడిగా రాలితే పొడవండి. ఆగే వీలు లేకపోతే గునపం మొనతో గోడలు నాలుగు వైపులా గీకి గరుకు చేయండి. లంక ఇసుక నేలల్లో ఈ బాధ లేదు, అక్కడ గుంత నిలబడడమే కష్టం.

పార మంచి పని ఇంకోటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టి తీసి గోనెపట్టా మీద విప్పి వానపాములు లెక్కపెట్టండి. తొలకరి వానల తర్వాత ఒకసారి, వచ్చే ఏడాది అదే రోజుల్లో అదే మడిలో మళ్లీ ఒకసారి. ఎలా తీయాలో కింది వీడియోలో చూపించాను. మీ ఊళ్లో ఈ రెండు పనిముట్లనీ ఏమంటారో ఊరి పేరుతో కామెంట్లో రాయండి, తర్వాతి వీడియోలో ఆ మాటలే వాడతా.