కీడుకూ బోనం

1813లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లను కలరా పట్టి పీడించింది. అప్పుడు సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య, ఊరు గట్టెక్కితే నీ విగ్రహం మా దగ్గర నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి మొక్కు తీర్చుకున్నాడు. మా బన్సీలాల్‌పేట్ ఆడవాళ్ళు ఆషాఢంలో బోనమెత్తుకుని పోయే లష్కర్ (సికింద్రాబాద్) మహంకాళి గుడి కథ ఇదే.

కీడుకు రూపం కట్టిన జాతులు చాలా ఉన్నాయి. బాబిలోనియావాళ్ళకు అది తియామత్ అనే ఉప్పు సముద్రం. మర్దుక్ దేవుడు ఆమెను చంపి, రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశం చేశాడు. ఈజిప్టు పూజారులు అపెప్ అనే మహాసర్పానికి మైనపు బొమ్మ చేసి, దాని మీద ఉమ్మి, ఎడమకాలితో తొక్కి కాల్చేవారు. మన ఋగ్వేదమూ నిరృతిని దూరంగా పొమ్మనే అంటుంది. వీళ్ళలో నాకు నచ్చేది గ్రీకుల ఎరిస్. కలహాలమారి అని ఆమెను ఒక పెళ్ళికి పిలవలేదు. ఆమె అందరికన్నా అందగత్తెకని ఒక బంగారు ఆపిల్ విసిరి పోయింది. గొడవ ట్రాయ్ యుద్ధం దాకా ముదిరింది!

లష్కర్‌లో పిలుపు మరిచేవాళ్ళు లేరు. ముందు ఎదుర్కోలు: పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలా అమ్మవారిని ఘటంతో తెచ్చుకుంటారు. ఒళ్ళంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపించే పోతరాజు ఆమె తమ్ముడు. వేపమండలు కట్టిన కుండలో అన్నం, పైన దీపం, అదే బోనం; గుడి ముందు పోసే సాక నీళ్ళు. రోగం ఆమె కోపమే, తగ్గడం ఆమె దయే. కోపిష్టి తల్లికి ఇంత మర్యాదేమిటని మా అత్తమ్మనడిగితే, "ఇంటికొచ్చినోళ్ళను అన్నం పెట్టకుంట పంపుతమా?" అంది.

ఇదంతా భయభక్తి అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. 2020లో మా పక్కనున్న గాంధీ ఆస్పత్రి కరోనా రోగులతో నిండింది. ఆ ఏడాది గుళ్ళో పూజారులే పండుగ జరిపారు, జనం బోనం ఇంట్లోనే పెట్టుకున్నారు. మొక్కు మొక్కే, జాగ్రత్త జాగ్రత్తే. దశాబ్దాలుగా చెత్తతో పూడిపోయిన మా పేట మెట్లబావిని బాగుచేసి 2022లో తెరిచారు. కలరా నీళ్ళతో వచ్చే జబ్బు కనుక, నా లెక్కలో అదీ అమ్మకు చెల్లించిన మొక్కే.

లష్కర్ బోనాలకు వస్తే ఆదివారం రద్దీ చూసి వెళ్ళిపోకండి. సోమవారం పొద్దున రంగం ఉంటుంది. పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారు పూనిన మాతంగి వానల గురించీ రోగాల గురించీ చెబుతుంది, లోటు జరిగితే ఊరినే నిలదీస్తుంది. అది విని వెళ్ళండి.