700023: వాట్‌గంజ్ చిరునామాలోని లెక్క

కోల్‌కతాలోని కిదిర్‌పూర్ రేవును ఆనుకొని ఉన్న పేట వాట్‌గంజ్. 18వ శతాబ్దంలో అక్కడ ఓడల నిర్మాణానికి పూనుకున్న కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. ఆ పేటకు ఉత్తరం చేరాలంటే చిరునామా చివర 700023 అని వ్రాయాలి. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్‌కోడ్ విధానంలో మొదటి 7 తూర్పు, ఈశాన్య రాష్ట్రాలను, 700 కోల్‌కతాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి.

దీనిని కేవలం సంఖ్యగా చూద్దాం. అంకెల మొత్తం 12 గనుక 3తో నిశ్శేషంగా భాగింపబడుతుంది, భాగఫలం 233341. ఇది ప్రధాన సంఖ్యయా? తేల్చుకోవడానికి అన్ని సంఖ్యలతోనూ భాగించనక్కరలేదు. దీని వర్గమూలం 483కు కాస్త ఎక్కువ. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 92. ఓపికగా వాటన్నిటితో భాగించి చూస్తే ప్రతిసారీ శేషం మిగులుతుంది. కాబట్టి 233341 ప్రధాన సంఖ్యే. 700023కు ఉన్న భాజకాలు నాలుగే: 1, 3, 233341, 700023.

ఇప్పుడు తొందరలో చివరి రెండంకెలు తారుమారయ్యాయనుకుందాం. 700032 వస్తుంది. అది జాదవ్‌పూర్ పిన్‌కోడ్. చూపుకు కవలల్లా ఉన్నా, ఈ సంఖ్య స్వభావం వేరు: రెండును ఏడుసార్లు గుణించి, దానిని 3తోను, 1823తోను గుణిస్తే వస్తుంది, భాజకాలు 32. అయితే అంకెల మొత్తం మాత్రం మళ్ళీ 12. కనుక అంకెలు కూడి చూసేవారికి ఈ పొరపాటు దొరకదు. రెండింటి తేడా 9. పక్కపక్కనున్న అంకెలు ఎక్కడ తారుమారైనా తేడా 9 గుణిజమే అవుతుంది. చిట్టాలో తేడా 9తో భాగింపబడితే లెక్కలు వ్రాసేవారు మొదట అంకెల తారుమారునే అనుమానించేది ఇందుకే.

మరి దొరికే మార్గం లేదా? ఉన్నది. అంకెలను వరుసగా 1, 2, 3, 4, 5, 6తో గుణించి కూడండి. 700023కు 35, 700032కు 34 వస్తాయి. 11తో భాగిస్తే శేషాలు 2, 1. ఈ శేషాన్ని ఏడవ అంకెగా చేర్చి ఉంటే తప్పు వెంటనే బయటపడేది. శేషం 10 వచ్చినప్పుడు మాత్రం వేరే గుర్తు కావాలి. రేవుల్లో దిగే ఓడ కంటైనర్ల సంఖ్యలకు ఇలాంటి తనిఖీ అంకె ఉంటుంది. అక్కడ గుణకాలు 1, 2, 4, 8 అంటూ రెట్టింపవుతాయి. ఆధార్‌లోని పన్నెండవ అంకె చేసే పని కూడా తనిఖీయే, పద్ధతి వేరు.

పిన్‌కోడ్‌కు ఆ రక్షణ లేదు. ఉద్యోగ పరీక్షకు పిలుపు వాట్‌గంజ్‌కు బదులు జాదవ్‌పూర్ చేరి తిరిగి వచ్చేసరికి పరీక్ష తేదీ దాటిపోవచ్చు. కాబట్టి అంకెలతో పాటు పేట పేరును కూడా స్పష్టంగా వ్రాయడం మేలు: రెండూ పొసగనప్పుడు తపాలా ఉద్యోగికి ఆధారం ఆ పేరే.