ఆరుబయట వంట - ఆరుబయట బస

ఇంటిలో పొయ్యి వెలిగించుట నిత్యకృత్యం. మీట త్రిప్పి అగ్గిపుల్ల గీసినంతనే మంట సిద్ధమగును. ఆ మంటకు ఎంత ఇంధనం కాలినదో, ఆ వంటకు ఎన్ని బిందెల నీరు ఖర్చయినదో గమనించు అవసరం మనకు కలుగదు. ఒక్కపూట చెట్టు క్రింద వండుకొని తిన్నవానికి మాత్రం నిప్పు, నీరు, నేల అను మూడింటి విలువ చక్కగా తెలిసివచ్చును. పుస్తకం చదివి మాత్రమే నేర్వలేని విద్యలలో ఇది ఒకటి.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయుట తెలుగువారి ఆచారం. ముస్లిం కుటుంబాల శుభకార్యాలలో కట్టెలపొయ్యి మీద దేగ్ ఎక్కించి, మూత చుట్టూ పిండి అద్ది, మూతపై నిప్పులు పరచి దమ్ము చేయు నేర్పు తరతరాలుగా వచ్చుచున్నదే. విద్యార్థుల శిబిరాలకు కూడ చరిత్ర కలదు. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో కొద్దిమంది బాలురతో నడిపిన శిబిరం స్కౌటు ఉద్యమానికి నాంది పలికినది. మన దేశంలో 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం గ్రామాలలో శిబిరాలు నడుపుటను కళాశాల జీవితంలో భాగం చేసినది.

స్థలం ఎన్నిక

మన జి.కొండూరు ప్రాంతం ఇందుకు ఎంతో అనువైనది. ఒకవైపు కొండపల్లి కొండలు, మరొకవైపు మామిడితోటలు, నడుమ బుడమేరు. అయినను కంటికి ఇంపైన ప్రతి చోటూ బసకు తగినది కాదు.

మొదటి నియమం: వాగు ఇసుకలో గుడారం వేయరాదు. మనపై చినుకు పడకున్నను ఎగువన కురిసిన వాన అర్ధరాత్రి వాగును పొంగించగలదు. వెలగలేరు వద్ద ప్రశాంతంగా కనిపించు బుడమేరు 2024 సెప్టెంబరు మొదటివారంలో గట్లు తెంచుకొని విజయవాడ కాలనీలను ముంచివేసిన సంగతి మనం మరువరాదు.

రెండవ నియమం: రిజర్వు అడవిలో నిప్పు రాజేయరాదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అది నేరం. చట్టం మాట అటుంచినను, కొండపల్లి అడవిలోని తెల్లపొణికి చెట్టు మీదనే బొమ్మల కళాకారుల బ్రతుకు ఆధారపడి ఉన్నది. వేసవిలో ఎండుటాకులు పరచుకొన్న ఆ కొండమీద ఒక్క నిప్పురవ్వ చాలు. మన ఒకపూట వినోదం ఇంకొకరి కూటికి ముప్పు కారాదు. కావున కొండను చూచి వచ్చి, యజమాని అనుమతితో ఊరిప్రక్క తోటలోని ఖాళీ నేలలో వండుకొనుట మేలు. వానలు వెనుకబడిన కార్తీకం మొదలు మాఘం వరకు ఇందుకు అనువైన కాలం. తుపాను హెచ్చరిక ఉన్నచో ప్రయాణం వాయిదా వేయవలెను.

పొయ్యి, కట్టె

కొమ్మలు లేని చోట, గడ్డి లేని నేలను ఎన్నుకొని చుట్టూ పది అడుగుల మేర ఆకులు ఊడ్చివేయవలెను. ఇంచుమించు ఒకే ఎత్తు గల మూడు రాళ్ళను గిన్నె కదలకుండునట్లు అమర్చవలెను. వాగులో నానిన రాళ్ళు పనికిరావు. లోపలి నీరు ఆవిరియై రాయి పగిలి ముక్కలు ఎగురవచ్చును. గాలి వచ్చు దిక్కునకు పొయ్యి నోరు ఉంచినచో మంట బాగుగా అందుకొనును.

నిప్పుకు మూడు కావలెను: కాలునది, గాలి, వేడి. క్రొత్తవారు పెద్ద మొద్దులు కుక్కి గాలి ఆడకుండ చేసి, పొగలో కన్నీరు కార్చుకొందురు. మొదట కొబ్బరిపీచు లేక ఎండిన తాటాకు, దానిపై పెన్సిలంత పుల్లలు, అవి అంటుకొనిన పిమ్మట బొటనవ్రేలంత కట్టెలు, చివరకు తుమ్మ మొద్దులు - ఇదియే క్రమం. పచ్చికట్టె పొగయే గాని మంట నీయదు. పైగా చెట్టుకు హాని. కావున ఎండుకట్టెను కొని వెంట తెచ్చుకొనవలెను. గన్నేరు కట్టె విషపూరితం. దానిని పొయ్యిలో పెట్టరాదు, దాని పుల్లతో వంటను కలుపరాదు. మండుచున్న పొయ్యిలో కిరసనాయిలు పోయుట ప్రాణాంతకం.

తొలి వంట

మొదటిసారియే బిరియానీకి పూనుకొనవద్దు. తెలుగు ఇంటిలో పులగమని, ఉర్దూ ఇంటిలో ఖిచిడీ అని పిలుచుకొను వంటకమే తొలిపాఠానికి తగినది. పదిమందికి కిలో బియ్యం, అరకిలో పెసరపప్పు చాలును. గిన్నె బయట అడుగున తడిమన్ను పూసినచో మసి తేలికగా వదలును. నూనెలో జీలకర్ర, మిరియాలు, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లి వేయించి, కడిగిన బియ్యం, పప్పు వేసి, మూడు కొలతల గింజలకు ఏడెనిమిది కొలతల నీరు పోసి, తగినంత ఉప్పు వేయవలెను. ఉడుకు పట్టువరకు పెద్దమంట. నీరు ఇంకు సమయానికి కట్టెలు వెనుకకు లాగి నిప్పుల మీదనే ఉంచవలెను. మూతపై నాలుగు నిప్పులు ఉంచినచో అదియే చిన్న దమ్ము. ఆరుబయట వంట రహస్యం మంటను పెంచుటలో లేదు, తగ్గించుటలో ఉన్నది.

వండినది వేడిగా ఉండగానే తినవలెను. ఉదయం వండిన అన్నం సాయంత్రానికి దాచుట అపాయకరం. మాంసం తినువారు, తిననివారు కలసి వచ్చినప్పుడు గిన్నెలు, గరిటెలు వేరుగా ఉంచుట, హలాల్ నియమం పాటించుట ముందే నిర్ణయించుకొన్నచో పంక్తిలో ఎవరికిని ఇబ్బంది కలుగదు.

నీరు, నిద్ర

మనిషికి రోజునకు త్రాగుటకే మూడు నాలుగు లీటర్లు, వంటకు, కడుగుటకు మరికొంత నీరు కావలెను. వాగునీరు, చెరువునీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. గుడ్డతో వడగట్టి, తెరలుచుండగా కనీసం ఒక నిమిషం మరిగించి, చల్లార్చి త్రాగవలెను.

గుడారం లేకున్నను బసకు లోటు లేదు. రెండు చెట్లకు త్రాడు కట్టి, దానిపై తార్పాలిన్ వాలుగా వేసి, అంచులను మేకులతో బిగించినచో చక్కని పాక సిద్ధమగును. కట్లపాము రాత్రివేళ నిద్రించువారిని కరచు స్వభావం కలది. కావున దోమతెర కట్టి, అంచులు పరుపు క్రిందికి మడవవలెను. చీకటిలో టార్చి లేనిదే అడుగు వేయరాదు. పాము కరచినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట వద్దు. కాలుచేతులు కదలనీయక వెంటనే 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను.

ఆర్పుట

వెలిగించుటకన్న ఆర్పుట పెద్దవిద్య. నిప్పులపై మట్టి కప్పి వెళ్ళుట చాలామందికి అలవాటు. కాని మట్టి క్రింద నిప్పు గంటలకొలది బ్రతికియుండి, గాలి వీచినప్పుడు తిరిగి లేచును. నీరు పోసి, కర్రతో కలియబెట్టి, మరల నీరు పోసి, చేతి వెనుకభాగం బూడిదకు దగ్గరగా ఉంచి చూడవలెను. వేడి తగిలినంతవరకు పని ముగియనట్లే. వంటకు తెచ్చిన నీటిలో ఒక బిందె ఇందుకై ముందే వేరుగా ఉంచవలెను. మంట వెలిగించిన చేతిదే దానిని ఆర్పు బాధ్యత. ఈ ఒక్క సూత్రం తెలియనివాడు ఎంత రుచిగా వండినను శిబిరవాసి అనిపించుకొనడు.

మన కళాశాల సంఘంవారు ఏటా ఒక శిబిరం ఏర్పాటు చేసిన బాగుండును. మొదట ఒక పగటి వంట. అది క్రమశిక్షణతో జరిగిన పిమ్మట ఒక రాత్రి బస. పదిమందికి ఒక జట్టు, జట్టుకు ఒక అధ్యాపకుడు, తోట యజమాని అనుమతి, ఒక ప్రథమ చికిత్స పెట్టె - ఇంతకు మించిన ఖర్చు లేదు. కట్టె తెచ్చునది ఒకరు, నీరు తోడునది ఒకరు, గిన్నె తోమునది ఒకరు. ఈ పనులు అందరికీ వంతులవారీగా వచ్చునట్లు చూడవలెను.

విద్యార్థి మిత్రులారా! తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చున్నను ఒకరి ఇంటి వంట ఒకరికి తెలియనివారు మనలో ఎందరో ఉన్నారు. ఒకే గిన్నెను ఒకరు పులగమని, మరొకరు ఖిచిడీ అని పిలిచి, పంక్తిలో కలసి తినునాడు ఆ దూరం కొంత తగ్గును. తిని లేచిన పిమ్మట అక్కడ చల్లారిన నేల తప్ప మన గుర్తు ఏదియు మిగులకున్నచో, మనం ఈ విద్య నేర్చినట్లే.