తెలివైన వాల్వు... తడి తువ్వాలు!

డిసెంబరు నెల. మాంచెస్టర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి గుంటూరు నుంచి అమ్మానాన్నలు వెళ్లారనుకోండి. బయట ఎముకలు కొరికే చలి. స్నానాలగదిలోకి వెళ్లిన అమ్మకి గోడకి బిగించిన నిచ్చెనలాంటిది ఒకటి కనిపిస్తుంది. దానిమీద వేసిన తువ్వాలు అప్పుడే ఇస్త్రీ చేసినంత వెచ్చగా ఉంటుంది. 'భలే ఉందిరా మీ వేడి దండెం!' అని మురిసిపోతుంది.

వారం తిరిగేసరికి ఆ దండెం చల్లబడిపోతుంది. పొద్దున ఆరేసిన తువ్వాలు రాత్రికీ తడితడిగానే ఉంటుంది. కొన్నాళ్లకి కిటికీ మూలన నల్లటి చుక్కలు! 'ఏమైందిరా?' అనడిగితే, 'బిల్లు తగ్గుతుందని స్మార్ట్ వాల్వు పెట్టించానమ్మా' అంటాడు కొడుకు.

బిల్లు తగ్గాల్సిందే. తువ్వాలూ ఆరాల్సిందే. మరి ఈ రెండింటికీ పొత్తు కుదిరేదెలా? బ్రిటన్‌లో స్థిరపడ్డ మన డాక్టర్లకీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకీ, అద్దె ఇళ్లలో సర్దుకునే విద్యార్థులకీ చలికాలంలో ఎదురయ్యే చిక్కే ఇది.

మైనం పోయి మోటారొచ్చె!

బ్రిటన్‌లో చాలా ఇళ్లకి గ్యాస్ బాయిలర్ ఉంటుంది. అది కాచిన నీళ్లు పంపు సాయంతో గొట్టాల ద్వారా గదిగదికీ వెళ్తాయి. రేడియేటర్లలో తిరిగి, గదిని వెచ్చబరిచి, మళ్లీ బాయిలర్‌కి చేరతాయి. అవే నీళ్లు స్నానాలగదిలోని నిచ్చెన గొట్టాల్లో తిరిగితే అది టవల్ రేడియేటర్.

గది చాలినంత వేడెక్కాక ఆ నీళ్లను ఆపేది థర్మోస్టాటిక్ వాల్వు. డెన్మార్క్‌కి చెందిన మ్యాడ్స్ క్లాసెన్ 1943లో దీన్ని కనిపెట్టారు. 1933లో ఆయన పెట్టిన సంస్థే డాన్‌ఫాస్. మామూలు వాల్వు తలలో మైనమో, ద్రవమో ఉంటుంది. గది వేడెక్కితే అది వ్యాకోచించి ఓ పిన్నుని నొక్కుతుంది. నీళ్ల దారి మూసుకుంటుంది. గది చల్లబడితే మళ్లీ తెరుచుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు.

స్మార్ట్ వాల్వులో ఆ పని చేసేది ఓ బుల్లి మోటారు. బ్యాటరీలతో నడుస్తుంది. ఏ గది ఎన్నింటికి ఎంత వెచ్చగా ఉండాలో ఫోన్లో చెబితే చాలు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2022 అక్టోబరులో ఓ సాధారణ కుటుంబం ఏడాది గ్యాస్, కరెంటు ఖర్చు 2,500 పౌండ్లు దాటకుండా అక్కడి ప్రభుత్వం రాయితీ ఇవ్వాల్సి వచ్చింది. లేదంటే అది 3,549 పౌండ్లకి చేరేది. ఇక గ్యాస్ ఆదా చేసే ప్రతి వస్తువు మీదా జనం దృష్టి పడక మానుతుందా! ఎవరూ లేని పడగ్గదిని వేడిచేయడం దండగే కాబట్టి అలాంటిచోట ఈ వాల్వు బాగానే అక్కరకొస్తుంది. చిక్కల్లా స్నానాలగదితోనే.

ఆవిరికి మోసపోతుంది!

పడగ్గదిలో రేడియేటర్ పని గదిని వెచ్చబరచడం. స్నానాలగదిలో దానికి రెండు పనులు... గదిని వెచ్చబరచాలి, తువ్వాలు ఆరబెట్టాలి. వాల్వుకి తెలిసింది మాత్రం ఉష్ణోగ్రత ఒక్కటే. వేడివేడి నీళ్లతో స్నానం చేయగానే గది ఆవిరితో నిండిపోతుంది. 'అబ్బో, గది వెచ్చగా ఉంది' అనుకుని వాల్వు మూసుకుంటుంది. తువ్వాలు తడిసి ముద్దయ్యిందీ, గోడలు చెమర్చిందీ సరిగ్గా అప్పుడే!

తువ్వాలు వాల్వు మీదికి జారినా ఇదే తంతు. దుప్పటి ముసుగేసుకున్న మనిషిలా దానికి ఉక్కపోస్తుంది, గదంతా అలాగే ఉందనుకుంటుంది. పైగా టవల్ రేడియేటర్‌కి వాల్వులు అడుగున, వేడి గొట్టానికి ఆనుకునే ఉంటాయి. తలని నిలువుగా బిగిస్తే గొట్టం నుంచి పైకి లేచే వేడి నేరుగా దాన్నే తాకుతుంది. అడ్డంగా బిగిస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది.

మరో తమాషా. ఆవిరి పోవాలని మనం కిటికీ తెరుస్తాం. చాలా స్మార్ట్ వాల్వులు ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతే 'కిటికీ తెరిచారు, వేడి వృథా' అని కాసేపు వేడి ఆపేస్తాయి. దాని తెలివి దానిది!

దారులన్నీ మూసేస్తే...

అసలు ఆ రేడియేటర్‌కి వాల్వు పెట్టొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. ఇంట్లో అన్ని వాల్వులూ ఒకేసారి మూసుకుంటే పంపు తోసే నీళ్లు ఎటు పోతాయి? అందుకే చాలా పాత ఇళ్లలో ఒక్క రేడియేటర్‌ని ఎప్పుడూ తెరిచి ఉంచేవారు. ఆ పని ఎక్కువగా స్నానాలగదిలోని టవల్ రేడియేటర్‌కే పడేది. దానికీ వాల్వు బిగిస్తే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. పంపు మీద ఒత్తిడి పడుతుంది, బాయిలర్ మాటిమాటికీ ఆగి వెలుగుతుంటుంది. గొట్టాల్లో ఆటోమేటిక్ బైపాస్ వాల్వు ఉన్నా, బాయిలర్‌లోనే ఆ ఏర్పాటు ఉన్నా భయం లేదు. ఏదుందో హీటింగ్ పని తెలిసిన ప్లంబర్‌ని అడగాలి.

వేసవిలో తువ్వాళ్లు ఆరడానికి కొన్ని టవల్ రేడియేటర్లలో కరెంటు రాడ్డు కూడా ఉంటుంది. అది వెలుగుతున్నప్పుడు రెండువైపులా వాల్వులు మూసి ఉండకూడదు. వేడెక్కి వ్యాకోచించే నీళ్లకి ఒక దారైనా వదలాలి.

నల్లచుక్కలు చెప్పే కథ

'తువ్వాలు ఆరకపోతే కొంపలేం మునుగుతాయి?' అనుకోవచ్చు. కానీ ఆరని తడి ఎక్కడికీ పోదు. చల్లటి గోడమీద చెమ్మగా పేరుకుంటుంది. చెమ్మ నిలిచినచోట బూజు పడుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఆయాసం, ఉబ్బసం లాంటి శ్వాస సమస్యలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో పట్టిన బూజుని చాలాకాలం పీల్చడంవల్ల వచ్చిన తీవ్ర శ్వాస సమస్యే కారణమని 2022 నవంబరులో విచారణ తేల్చింది. అక్కడ తప్పు ఏ వాల్వుదీ కాదు. అద్దెకున్నవాళ్లు మొరపెట్టుకున్నా చెమ్మని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆ పసివాడి కథ చెప్పింది. వాడి పేరుతోనే వచ్చిన 'అవాబ్ చట్టం' ఇంగ్లండులోని సామాజిక గృహాలకి 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదకరమైన చెమ్మ, బూజు మీద ఇంటి యజమాని సంస్థ గడువులోగా కదలాల్సిందే. అత్యవసరమైతే ఆ గడువు 24 గంటలే!

ఇలా చేస్తే సరి

* టవల్ రేడియేటర్‌ని ఉష్ణోగ్రతతో కాకుండా వేళలతో నడపండి. అందరి స్నానాలూ అయ్యాక గంటో రెండు గంటలో వేడి ఉండేలా, ఆ సమయానికి ఉష్ణోగ్రత కాస్త ఎక్కువగా పెట్టండి. బాయిలర్ కూడా ఆ వేళకి వెలిగేలా చూసుకోండి.

* కొన్ని కంపెనీలు విడి సెన్సర్ ఇస్తాయి. దాన్ని తువ్వాలుకీ షవరుకీ దూరంగా గోడకి పెడితే గదిలో అసలు వేడెంతో తెలుస్తుంది.

* స్నానాలగది వాల్వుకి 'తెరిచిన కిటికీ' ఏర్పాటు ఉంటే దాన్ని ఆపేయండి.

* వేడి ఒక్కటే చాలదు. తడిగాలి బయటికి పోవాలి. స్నానమయ్యాక కూడా కాసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగనివ్వండి. తలుపు మూసే ఉంచండి, లేదంటే ఆవిరి పడగ్గదికి పోతుంది.

* తువ్వాలు మడతలమీద మడతలుగా వేయకండి. ఒకే పొరగా, వాల్వుకి తగలకుండా ఆరేయండి.

* అద్దె ఇల్లయితే ముందు యజమానిని అడగండి. అప్పటికే థర్మోస్టాటిక్ వాల్వు ఉంటే, సరిపోయే తల దొరికినప్పుడు పైది మారిస్తే చాలు. పాతది దాచిపెట్టి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించొచ్చు. మామూలు తిప్పుడు వాల్వే ఉంటే మాత్రం గొట్టాల్లో నీళ్లు దించాలి. ప్లంబర్ రావాల్సిందే.

ఇంతా చేసి ఆదా ఎంత? ఇంట్లో పెద్ద రేడియేటర్లతో పోలిస్తే టవల్ రేడియేటర్ ఇచ్చే వేడి తక్కువ. అక్కడ మిగిలే గ్యాసూ తక్కువే. కాబట్టి స్మార్ట్ వాల్వుల మీద ఖర్చుపెట్టేవాళ్లు ముందు పడగ్గదులూ, హాలూ చూసుకోవడం నయం. స్నానాలగది వంతు చివర్లో వచ్చినా నష్టం లేదు.

మన పెరట్లో దండేనికి సూర్యుడే బాయిలర్. వాల్వు లేదు, బిల్లూ లేదు. ఆ ఎండ లేనిచోట తెలివిగల వాల్వు ఉన్నా, పొద్దున్నే తువ్వాలుని ఓసారి చేత్తో తడిమి చూసే అమ్మ తెలివి కూడా దానికి తోడవ్వాలి!