మీకు తెలుసా? చివికిన దుంగే ఈ ఈగల పుట్టిల్లు

వానాకాలం అడవిలో నేలకొరిగిన మానును కాస్త దొర్లించి చూడండి. అడుగున చెమ్మ, తెల్లటి బూజుపోగులు, అంచున నాలుగు పుట్టగొడుగులు. వాటి మధ్య నుంచి దోమలాంటి చిన్న ప్రాణి ఒకటి లేచి ఎగిరిపోతుంది. అది దోమ కాదు. కుట్టదు, రక్తం తాగదు. దాన్ని పుట్టగొడుగు ఈగ అంటారు. అసలు కుటుంబం పేరు మైసెటోఫిలిడే. కెరోప్లాటిడే, సియారిడే కుటుంబాలు దానికి దగ్గరి చుట్టాలు. ఇంత చిన్న ప్రాణుల్లో ఎన్ని వింతలున్నాయో!

● ఒక్క మైసెటోఫిలిడేలోనే నాలుగు వేలకు పైగా జాతులకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. గూని వీపు, పొడవాటి కాళ్లు వీటి గుర్తు. పిల్ల పురుగుకు ఒళ్లంతా గాజులా పారదర్శకం, తల మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది. చివికిన కట్టెలో కనిపించే పురుగుల్లో చాలావాటికి అసలు ఆహారం కట్టె కాదు, ఆ కట్టెలో అల్లుకున్న శిలీంధ్రపు పోగులు.

● అలాస్కాలో ఎక్సీకియా నుగటోరియా అనే జాతి ఉంది. గడ్డకట్టే చలికాలంలో దాని పొట్ట మంచుగా మారుతుంది. తల, ఛాతీ మాత్రం గడ్డకట్టవు. ఒకే ఒంట్లో సగం మంచు, సగం ద్రవం! అయినా వసంతం వచ్చేసరికి లేచి తిరుగుతుంది.

● న్యూజిలాండ్‌లోని వైటోమో గుహ పైకప్పు మీద నక్షత్రాల్లా మెరిసేవి మిణుగురులు కావు, ఈ ఈగల పిల్లలే. కెరోప్లాటిడే కుటుంబానికి చెందిన అరాక్నోకాంపా లూమినోసా వాటి పేరు. ఒక్కో పురుగు పైకప్పుకు పట్టుగూడు కట్టుకుని, అందులోంచి సన్నటి దారాలు కిందికి వేలాడదీస్తుంది. దారం పొడవునా జిగురు చుక్కలు. గుహలోని ఏటి నీళ్లలో పుట్టిన చిన్న పురుగులు నీలిపచ్చ వెలుగును చూసి పైకి ఎగిరి, ఆ జిగురుకు అంటుకుపోతాయి. వెంటనే పురుగు దారాన్ని లాక్కుని భోంచేస్తుంది. కడుపు నిండిన పురుగు కన్నా ఆకలితో ఉన్నదే ఎక్కువగా వెలుగుతుంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ వెలుగు పుట్టేది మలినాలను విసర్జించే నాళాల చివర్లలో. నెలల తరబడి ఇలా వేటాడి పెరిగిన పురుగు రెక్కలొచ్చాక కొద్ది రోజులే బతుకుతుంది. అప్పుడు తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. జత కట్టడం, గుడ్లు పెట్టడం, అంతే.

ఈ గుహను 1887లో మావోరీ నాయకుడు టానే టినోరౌ, ఆంగ్లేయ సర్వేయరు ఫ్రెడ్ మేస్ కలిసి తెప్ప మీద, కొవ్వొత్తుల వెలుతురులో చూసి వచ్చారు. 1889లో టానే దాన్ని సందర్శకులకు తెరిచాడు. 1906లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1989లో తిరిగి టానే వారసుల చేతికి వచ్చింది. సందర్శకుల ఊపిరి వల్ల పెరిగే కార్బన్ డయాక్సైడు పురుగులకు, రాళ్లకు చేటు చేయకుండా అక్కడ పరికరాలతో నిఘా పెడతారు. ఒక ఈగ పిల్ల కోసం ఇంత శ్రద్ధ పెట్టడం చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

● వెలిగే కీటకాలన్నిటిలోకి అచ్చమైన నీలి వెలుగు అమెరికాలోని అపలాచియన్ కొండల్లో ఉండే ఓర్ఫీలియా ఫుల్టోనీది. అది కూడా కెరోప్లాటిడే కుటుంబమే. అలబామాలోని డిస్మల్స్ కాన్యన్ లోయలో, నాచు పట్టిన రాళ్ల మీద రాత్రిపూట కనిపిస్తుంది.

● సియారా మిలిటారిస్ అనే ఈగ పిల్లలు యూరప్ అడవుల్లో వేల సంఖ్యలో ఒకదానికొకటి అంటుకుని, పాములా సాగే ఊరేగింపుగా కదులుతాయి. పాతకాలపు జనం దాన్ని చూసి యుద్ధం వస్తుందేమోనని భయపడేవారు.

● సియారా మగ ఈగ తన తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములను సంతానానికి అందించదు. వీర్యకణాలు తయారయ్యేటప్పుడే వాటిని వదిలేసి, తల్లివి మాత్రమే ఇస్తుంది. ఏది తల్లిదో ఏది తండ్రిదో కణానికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న మీద పనిచేసిన హెలెన్ క్రౌస్ 1960లో క్రోమోజోముల మీద పడే ఆ ముద్రకు ‘ఇంప్రింటింగ్’ అని పేరు పెట్టారు. మనుషుల్లోనూ కొన్ని జన్యువులకు అలాంటి ముద్ర ఉంటుందని తర్వాత తేలింది. వైద్యశాస్త్రం నేడు వాడే ఆ మాట ఒక పుట్టగొడుగు ఈగ దగ్గర పుట్టింది.

● పాముపడగలా కనిపించే అరిసీమా మొక్కలు హిమాలయాల్లో, పడమటి కనుమల్లో పెరుగుతాయి. వీటిలో చాలా జాతులకు పరాగసంపర్కం చేసేది ఈ ఈగలే. మగ మొక్క పడగ అడుగున చిన్న సందు ఉంటుంది. లోపలికి దిగిన ఈగ పుప్పొడి పూసుకుని అందులోంచి బయటపడుతుంది. ఆడ మొక్కలో ఆ సందు ఉండదు. పుప్పొడి అందించిన ఈగ చాలాసార్లు అక్కడే చచ్చిపోతుంది.

● మన మిద్దెతోట కుండీల చుట్టూ ముసిరే చిన్న నల్ల ఈగలు కూడా సియారిడే వాళ్లే. కుండీలోని కొబ్బరి పొట్టు ఎప్పుడూ తడిగా ఉంటే అందులో గుడ్లు పెడతాయి. పై మట్టి ఆరాకే నీళ్లు పోయండి, పసుపు జిగురు అట్టలు గుచ్చండి. చాలావరకు తగ్గిపోతాయి. ఇంట్లో పుట్టగొడుగులు పెంచేవారికి మాత్రం ఇవి నిజంగా నష్టం చేస్తాయి. గది కిటికీలకు సన్నటి వల బిగించడం, పంట అయిపోయిన సంచులను వెంటనే దూరంగా పారేయడం తప్పనిసరి.

● ఫిన్‌లాండ్, స్వీడన్ అడవుల్లో కలప కోసం నరికిన తర్వాత చచ్చిన చెట్లు మిగలకపోవడంతో, వాటి మీదే బతికే పుట్టగొడుగు ఈగల్లో కొన్ని జాతులు తరిగిపోయాయి. ఇలాంటి ప్రాణుల కోసం ఇప్పుడు నరికే చోట కొన్ని పడిపోయిన మానులను కావాలనే వదిలేస్తున్నారు. మీ తోటలో, పొలం గట్టున ఎండి పడిన చెట్టుంటే అంతా పొయ్యిలోకి చేర్చకండి. ఒక దుంగనైనా నీడపట్టున చివకనివ్వండి.