అన్నం ఒక్కటే చాలదు

యతీం పిల్లల కోసం మీరిచ్చే సొమ్ముతో బియ్యం, బట్టలు, పుస్తకాలు సమకూరుతున్నాయి. పసితనానికి ఇవే చాలా అని మమ్మల్ని కొందరు అడుగుతుంటారు. ప్రయోగశాలల్లోని జంతువుల్లో తేలిన సంగతులు కొన్ని చెబుతాం.

మన ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. తిండి ఒంటిపై ఎలా పనిచేస్తుందో అక్కడ ఎలుకల్లోనూ పరీక్షిస్తారు. తిండిలాగే తల్లి స్పర్శ కూడా ఒంటిని మలుస్తుందని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం చూపింది. పుట్టిన తొలి వారంలో తల్లి బాగా నాకి సాకిన ఎలుకపిల్లలకు పెద్దయ్యాక బెదురు తగ్గింది. కంగారు కలిగినప్పుడు ఒత్తిడి హార్మోను కూడా వాటిలో తక్కువగా ఊరింది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణమేమో? 1999లో ఆ బృందం దీనికీ జవాబిచ్చింది. అంతగా నాకని తల్లుల పిల్లలను బాగా నాకే తల్లుల దగ్గర పెంచితే, అవీ నిబ్బరంగానే ఎదిగాయి. కన్నతల్లి ఇవ్వలేనిది పెంచిన తల్లి ఇచ్చింది.

ఎలుక వేరు, మనిషి బిడ్డ వేరు. అయినా ఈ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. యతీంఖానాలో నెలనెలా మారిపోయే ఆయమ్మ కన్నా, ఏళ్ల తరబడి అదే పిల్లలను అక్కున చేర్చుకునే ఆయమ్మ కావాలి. అందుకే మా విన్నపం: మీ సదఖాలో కొంత బియ్యం బస్తాకు, కొంత ఆ ఆయమ్మ జీతానికి కేటాయించండి.